సూపర్‌చార్జర్ కోసం రువైస్ నుంచి షార్జాకు

మా ప్రయాణానికి కారణం ఒక మేకల బండి.

ఈద్ సెలవుల్లో ఖోర్ ఫక్కాన్ సముద్రం చూద్దామని వెళ్ళాం. షార్జా దాటాక కొండల మధ్య రోడ్డు ఎత్తెక్కే చోట మా ఆయన తన కారును మురిపెంగా నడుపుతున్నారు. నారింజ రంగు అమెరికా కారు, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. వెనకనుంచి తుప్పుపట్టిన పికప్ ఒకటి వచ్చి, హారన్ కొట్టి, మమ్మల్ని దాటిపోయింది. దాని నిండా మేకలు. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కారు. ఇంజిన్ గుర్రుమంది గానీ బండి మాత్రం అదే నడక. ఒక మేక తల వెనక్కి తిప్పి, మలుపు వచ్చేదాకా మమ్మల్నే చూస్తూ వెళ్ళింది.

ఆ రోజు మా ఆయన సముద్రంలో కాలు కూడా పెట్టలేదు. ఇసుకలో కూర్చుని ఫోన్‌లో తల దూర్చారు. సాయంత్రానికి తల ఎత్తి, "దీనికి ఊపిరి చాలడం లేదే సుజాతా. సూపర్‌చార్జర్ పెట్టించాలి" అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను, అప్పటిదాకా నాకూ తెలియదు. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని ఇంకో యంత్రం పెట్టి గాలిని బలవంతంగా లోపలికి కూరతారు. అన్నం వద్దని మారాం చేసే పిల్లాడి నోట్లో ముద్ద కుక్కినట్టు. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. నెల రోజులపాటు మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే కబురు.

మా ఆయన పేరు సత్తిబాబు. రువైస్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీకి స్టోర్స్ ఇన్‌ఛార్జ్. స్టోర్‌లోకి వచ్చిన ఏ వస్తువూ ప్యాకింగ్ విప్పకుండా కాపాడటం ఆయన ఉద్యోగం, ఆ ఉద్యోగం ఇంటిదాకా వచ్చేసింది. టీవీ రిమోట్‌కి కవరు, ఆ కవరు పాడవకుండా ఇంకో కవరు. కారు షోరూమ్ నుంచి వచ్చి రెండేళ్ళయినా సీట్ల మీద ప్లాస్టిక్ అలాగే ఉంది. తన సీటుది మాత్రం కూర్చుని కూర్చుని అరిగి దానంతటదే ఊడిపోయింది. నా సీటు ప్లాస్టిక్ సంగతి ఎత్తితే, "రీసేల్‌కి వాల్యూ ఉంటుందే" అంటారు.

ఇక నా సంగతి. నేను ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఈ దేశంలో డ్రైవింగ్ లైసెన్సు రావడం ఎంత కష్టమో ఇక్కడుండే ఎవరినైనా అడగండి. తప్పి, మళ్ళీ క్లాసులకు వెళ్ళి, మళ్ళీ తప్పి, చివరికి మొన్న చలికాలంలో లైసెన్సు చేతికి తెచ్చుకున్నాను. కారు తాళం మాత్రం చేతికి రాలేదు. "ఈ బండి నీలాంటివాళ్ళకి కాదు. పవర్ మరీ ఎక్కువ" అంటారు మా ఆయన. క్లినిక్‌కి పక్కింటావిడ కారులో వెళ్తాను. ఆవిడకు జలుబు చేస్తే నాకు సెలవు. ఉన్న పవర్‌కే ఇవ్వని తాళం సూపర్‌చార్జర్ పెట్టాక ఇస్తారా? అందుకే ఆయన షార్జా బయల్దేరిన శనివారం నేనూ బయల్దేరాను. ఆయన కొనడానికి, నేను ఆపడానికి.

తెల్లవారుజామున అయిదింటికి రువైస్ విడిచాం. ఈ కారు ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. తలుపు తీసి, సీటు మీద పక్కకి కూర్చుని, రెండు పాదాలూ బయటే ఉంచి, చెప్పులు ఒకదానికొకటి కొట్టి ఇసుక దులిపి, అప్పుడు కాళ్ళు లోపల పెట్టాలి. కింద పట్టా ఉంటుంది, ఆ పట్టా మాయకుండా దాని మీద ఇంకో పట్టా. కారులో తినడం, తాగడం, తుమ్మడం నిషేధం.

ఆరు దాటాక మిర్ఫాలో కాంతమ్మక్కను ఎక్కించుకున్నాం. రాజోలు మనిషి, అక్కడ ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది. షార్జాలో ఉన్న చెల్లెల్ని చూసి సాయంత్రం మాతోనే వెనక్కి వస్తానంది. ఇలాంటి కార్లకు తలుపులు రెండే. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, మనిషి కూడా వంగి, ఆ సందులోంచి దూరాలి. కాంతమ్మక్క లోపలికి వెళ్ళడానికి మా ఇద్దరి సాయమూ కావలసి వచ్చింది. ఆవిడ చెప్పులు కవరులో పెట్టి ఆవిడ ఒళ్ళోనే ఉంచారు మా ఆయన.

"షార్జాలో ఏం పనమ్మా?" అంది ఆవిడ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

"ఈ కారుకి ఇంకాస్త బలం కొనడానికక్కా."

"బలం దేనికమ్మా? కాళ్ళు పెట్టుకునే చోటు కొనండి ముందు."

తరీఫ్ దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అటు ఇసుక, ఇటు ఇసుక, మధ్యలో వేగం పట్టే కెమెరాలు. వెళ్ళదలచినవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎంత బలమైన కారైనా కెమెరా ముందు అన్నీ ఒకటే. మా ఆయన బటన్ నొక్కి వేగం ఒకచోట కట్టేసి, కాలు పెడల్ మీంచి తీసి హాయిగా కూర్చున్నారు.

"మరి కొత్త పవర్ ఎక్కడ వాడతారు?" అని అడిగాను.

"అవసరానికి."

"ఏ అవసరానికి?"

"వచ్చినప్పుడు చెప్తాను."

ఎనిమిదిన్నరకి అబూదాబీ పొలిమేరలో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. కారులో తినకూడదు కాబట్టి ముగ్గురం ఎండలో నిలబడి, బానెట్ మీద పేపరు పరిచి ఇంటినుంచి తెచ్చిన ఇడ్లీలు తిన్నాం. ఇక్కడివాళ్ళు కరక్ అనే చిక్కటి చాయ్ కప్పు దిర్హమే, బాగుంది. పక్కన లారీ ఆపుకున్న పఠాన్ డ్రైవరొకాయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి ఇంజిన్ చూపించమన్నాడు. మా ఆయన పేపరు ఎత్తి, బానెట్ తెరిచి, గర్వంగా పక్కకి తప్పుకున్నారు.

"మాషా అల్లాహ్! ఔర్ క్యా చాహియే?" అన్నాడు పఠాన్, ఇంకేం కావాలన్నట్టు.

"పవర్ కమ్ హై భాయ్" అన్నారు మా ఆయన.

పఠాన్ తన నలభై టన్నుల లారీ వైపు ఒకసారి, మా ముగ్గురి వైపు ఒకసారి చూశాడు. "ఖీంచ్‌నా క్యా హై?" అన్నాడు. లాగాల్సింది ఏమిటి అని. మా ఆయన బానెట్ మూసేశారు.

దుబాయ్ ఊళ్ళోకి పోకుండా బయటి రోడ్డు పట్టుకుని పదిన్నరకల్లా షార్జా ఇండస్ట్రియల్ ఏరియా చేరాం. కాంతమ్మక్క చెల్లెలు అక్కడికే వచ్చి ఆవిడతో ఓ గంట కూర్చుని, డ్యూటీ ఉందని వెళ్ళిపోయింది. వర్క్‌షాపు మేనేజరు మల్లేశ్ జగిత్యాల మనిషి. ఫోన్‌లో మా ఆయన ఎన్నిసార్లు మాట్లాడారో, గేటు దగ్గరే "సూపర్‌చార్జర్ అన్నా, రా రా" అని పిలిచాడు. కుర్చీలు వేయించాడు, నీళ్ళిచ్చాడు. తర్వాత బల్ల మీద రెండు యంత్రాలు పెట్టాడు. ఒకటి పెద్ద రొట్టె అంత, ఒకటి నత్తగుల్ల ఆకారం.

"అన్నా, గీ పెద్దది ఇంజిన్ నెత్తి మీద కూసుంటది. కాలు పెట్టంగనే దుంకుతది. గీ గుండ్రటిది పక్కకు బిగిస్తం. మెల్లగ మెల్లగ ఎక్కి ఆఖర్ల గట్టిగ కొడ్తది. నీకు పొద్దున లేవంగనే పవర్ కావాల్నా, జెర ఆగినా పర్వాలేదా?"

"కొండ ఎక్కేటప్పుడు కావాలి" అన్నారు మా ఆయన. మేకల సంగతి చెప్పలేదు.

"గట్లయితే నెత్తి మీదిదే. కాని అన్నా, ఇది ఒక్కటి పెడితే ఒడవది. పెట్రోలు పంపు మార్చాలె. చల్లబరిచేటిది పెద్దది పెట్టాలె. కంప్యూటర్ల ట్యూనింగ్ చెయ్యాలె. బ్రేకులు సుత మంచివి వేసుకోవాలె, ఉరికినంక ఆగాలె గదా. కంపెనీ వారంటీ ఖలాస్. పర్మిషన్ కాగితం తీసుకోకుంటే ఏడాదికోసారి చేసే చెకింగ్ పాసింగ్‌ల బండిని ఆపేస్తరు."

అమ్మేవాడై ఉండి ఇన్ని అడ్డంకులు చెబుతున్నాడని నాకు మల్లేశ్ మీద గౌరవం పుట్టింది. మా ఆయనకు మాత్రం ఒక్కొక్క అడ్డంకీ వింటుంటే కళ్ళు ఇంకా మెరుస్తున్నాయి.

"ఇంట్ల బండి ఇంకెవరన్న నడుపుతరా?" అని అడిగాడు మల్లేశ్.

"నేను" అన్నాను నేను. "ఎవరూ నడపరు" అన్నారు ఆయన. రెండూ ఒకేసారి వచ్చాయి.

మల్లేశ్ నా వైపు తిరిగాడు. "లైసెన్స్ కొత్తదా వదినా? సూపర్‌చార్జర్ పెట్టినంక మీరు ముట్టకుండ్రి మరి. ఇన్సూరెన్సోళ్ళు వంద సవాళ్ళు అడుగుతరు."

ఆయన నెత్తి మీద కూర్చునేదాన్ని చేత్తో నిమురుతున్నారు. "ఇదే ఖాయం చెయ్యండి" అన్నారు. నెల రోజులు నేను చెప్పిన మాటలన్నీ గాలికి పోయాయి. ఆ గాలి కూడా ఇంజిన్‌లోకే పోయేట్టుంది.

"ఆగు అన్నా. ముందుగాల ఇప్పుడున్న పవర్ ఎంతనో చూస్తం. అప్పుడే ఎంత పెరిగిందో తెలుస్తది."

వెనక షెడ్డులో నేలలో రోలర్లున్నాయి. వెనక చక్రాలు వాటి మీద నిలిపి, కారును బెల్టులతో నేలకు కట్టేస్తారు. బండి కదలదు, చక్రాలు తిరుగుతాయి, ఎంత బలంగా తిరుగుతున్నాయో కంప్యూటరు గీత గీస్తుంది. ముందు ఒక పెద్ద ఫ్యాను. మా ఆయన జేబులోంచి నిమ్మకాయ తీశారు.

"అన్నా, ఆ చక్రాల కింద పెడితే నిమ్మకాయ చితకది, ఎగిరొచ్చి మన మొకానికే తగుల్తది" అన్నాడు మల్లేశ్. నిమ్మకాయ మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

మల్లేశ్ చేత షూ విప్పించాకే మా ఆయన అతన్ని డ్రైవింగ్ సీటులో కూర్చోనిచ్చారు. ఇంజిన్ అరిచింది, ఫ్యాను అరిచింది, కాంతమ్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గీత పైకి లేచి, సగం దాకా వెళ్ళి, నీరసంగా పక్కకి వాలింది. మల్లేశ్ మళ్ళీ తొక్కాడు. మళ్ళీ అంతే.

"కంప్యూటర్ల పెడల్ సగమే తొక్కినట్టు చూపెడ్తుంది అన్నా. నేనైతే పూరా తొక్కిన. సెన్సర్ పోయినట్టుంది."

"చెప్పానా!" అన్నారు మా ఆయన నా వైపు తిరిగి. రోగం ఉందని డాక్టరు చెబితే అంత సంతోషపడే మనిషిని నేను మరెక్కడా చూడలేదు. "దీనికి ఊపిరి చాలడం లేదని అప్పుడే చెప్పానా!"

నాకు మా డ్రైవింగ్ స్కూలు మేడమ్ గుర్తొచ్చింది. పెషావర్ మనిషి, గొంతు మైకు. సీటులో కూర్చోగానే నేను అద్దం సర్దుకోబోతే, "పెహ్లే పైరోఁ కే నీచే దేఖో!" అని గదిమేది. ముందు కాళ్ళ కింద చూడు అని. పెడల్ కింద నీళ్ళ సీసా దొర్లినా, పట్టా మడతపడినా ప్రాణం పోతుందని రోజూ చెప్పేది. ఒకసారి చూడటం మరిచానని పరీక్షకు పంపనే లేదు. ఆ చీవాట్లన్నీ ఒక్కసారి నా చెవిలో మోగాయి.

"కాస్త దిగండి మల్లేశ్ గారూ" అని, అతను దిగాక నేలమీద మోకాళ్ళేసి లోపలికి వంగాను. ఈ కారు శుభ్రం చేసే పని ఎవరికీ ఇవ్వరు మా ఆయన, నాకు అసలే ఇవ్వరు. ఇచ్చి ఉంటే ఎప్పుడో పట్టుకునేదాన్ని.

పైన ఒక పాత తువ్వాలు. దాని కింద ముసఫ్ఫాలో కొన్న తివాచీ ముక్క. దాని కింద ఇసుక పడకుండా అంచులున్న రబ్బరు తట్ట. దాని కింద కంపెనీ స్టోర్ నుంచి వచ్చిన మందపాటి అట్ట. అన్నిటికీ అడుగున కారుతో వచ్చిన అసలు పట్టా, షోరూమ్ ప్లాస్టిక్ కవరులో, నాలుగు మూలలా టేపుతో. ఒక్కొక్కటే లాగి బయట పడేస్తున్నాను. చాప మీద చాప వేసి పెళ్ళివారికి పరిచినట్టు ఉంది వరస. పెడల్ కిందికి దిగే దారి సగం వీటితోనే నిండిపోయింది.

"జాగ్రత్తే! ఆ టేపు ఊడుతుంది!" అన్నారు మా ఆయన వెనకనుంచి.

మల్లేశ్ ఆ కుప్ప వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు, వెళ్ళి సీటులో కూర్చుని తొక్కాడు. ఈసారి షెడ్డు రేకులు అదిరాయి. గీత సగం దాటి, ఇంకా ఎక్కి, తెర పై అంచుదాకా పోయింది. పక్క షెడ్డువాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. కాంతమ్మక్క చెవులు మూసుకుని, "ప్రభువా, దాన్ని ఆపించు" అని గట్టిగా ప్రార్థన చేసింది.

మల్లేశ్ దిగి చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, నీ సూపర్‌చార్జర్ నీ కాళ్ళ కిందనే ఉండె. వదిన బయటికి గుంజింది."

మా ఆయన ఆ గీతను చాలాసేపు చూశారు. "అయినా, పెట్టిస్తే ఇంకా బాగుంటుందేమో" అన్నారు నెమ్మదిగా.

ఇక నేనూరుకోలేదు. "మల్లేశ్ గారూ, ఈయన మీ దగ్గర పవర్ చాలదంటారు. నా దగ్గర పవర్ ఎక్కువంటారు. మీకు ఏ మాట నమ్మబుద్ధవుతోంది?"

"ఒక్కటే చెప్పాలె అన్నా" అన్నాడు మల్లేశ్ నవ్వాపుకుంటూ. "ఎక్కువుంటే సూపర్‌చార్జర్ అక్కర్లేదు. తక్కువుంటే తాళం వదినకు ఇయ్యి."

షెడ్డులో అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు, కానీ నెత్తి మీద కూర్చునేదాని జోలికి కూడా మళ్ళీ పోలేదు. ఇంత దూరం వచ్చి ఉత్తచేతులతో వెళ్ళడం బాగుండదని గాలి ఫిల్టరు ఒకటి కొన్నారు. మల్లేశ్ బిగిస్తానంటే, "వద్దు, ప్యాకింగ్ విప్పకండి" అని డిక్కీలో పెట్టించుకున్నారు. పట్టాలన్నీ మడిచి దాని పక్కనే పెట్టారు.

ఒంటిగంటన్నరకి దగ్గరలో ఉన్న తెలుగు మెస్‌లో భోజనం చేశాం. చేపల పులుసు బాగుంది, పప్పు పల్చన. పక్క కూరగాయల కొట్టులో గోంగూర దొరికింది. మూడింటికి తిరుగు ప్రయాణం. దుబాయ్ దాటేదాకా మా ఆయన మధ్యమధ్య పెడల్ తొక్కి చూస్తున్నారు, కారు ఎగిరి ముందుకు దూకుతోంది, ఆయనే ఉలిక్కిపడి కాలు తీస్తున్నారు.

సాయంత్రం పొద్దున ఆగిన బంకు దగ్గరే మళ్ళీ ఆగాం. పెట్రోలు కొట్టించి వచ్చి, తలుపు దగ్గర నిలబడి పిక్క నొక్కుకున్నారు. అన్ని పట్టాల ఎత్తుకు అలవాటుపడ్డ కాలు, పెడల్ ఒక్కసారి లోతుకు పోయేసరికి చాచీ చాచీ పట్టేసిందట.

"కాస్త దూరం. తరీఫ్ దాకా" అని తాళం నా వైపు చాపారు, ముఖం మాత్రం పెట్రోలు పంపు వైపు.

నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. సీటు ముందుకు జరుపుకున్నాను, కాళ్ళ కింద చూసుకున్నాను, అద్దం సర్దుకున్నాను. కారును రోడ్డెక్కించాను. పొద్దు మా ఎదురుగా వాలుతోంది. మా ఆయన కుడికాలు లేని బ్రేకును పదిసార్లు తొక్కింది.

తరీఫ్ వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాతే ముందు లైనులో ఒక పికప్ కనిపించింది. నిండా మేకలు.

"అదే బండి!" అని లేచి కూర్చున్నారు మా ఆయన.

"అదెక్కడ, ఇదెక్కడ? ఎలా తెలుసు?"

"ఆ మేక నాకు గుర్తే. దాటు!"

అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, లైను మారి తొక్కాను. గేరు దిగింది, కారు ఒక్క గెంతు గెంతింది. మేకలు పక్కనుంచి వెనక్కి జరిగిపోయాయి. "నెమ్మది! నెమ్మదే!" అని అరిచారు మా ఆయన పై పిడి పట్టుకుని.

"పవర్ సరిపోయిందాండీ?" అన్నాను.

పక్కన ఏదో పెనుగులాట వినిపించింది. చొక్కా చెమటకు ప్లాస్టిక్‌కి అతుక్కుపోయి, కదిలితే చర్మం లేచొచ్చేట్టుంది ఆయనకు. ఆ సీటులో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి.

"రెండేళ్ళుగా దీని మీద ఎలా కూర్చున్నావే నువ్వు?"

"చెప్పాను కదండీ."

చర్రుమని చప్పుడైంది. ఒకవైపు అంచు పట్టుకుని వీపు కింది నుంచి మొత్తం లాగేశారు. వెనకనుంచి కాంతమ్మక్క, "నాది కూడా చించెయ్యి నాయనా, పుణ్యముంటుంది" అంది. దాన్నీ చించారు. మిర్ఫాలో ఆవిడను దింపినప్పుడు, చెప్పులు ఆవిడే వేసుకుని దిగింది.

ఎనిమిది దాటాక రువైస్ చేరాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. కారుకు బలం కొనడానికి షార్జా దాకా వెళ్ళేముందు ఇంటి ముందే ఒకసారి కాళ్ళ కింద చూసుకోండి. అయినా వెళ్ళండి, చేపల పులుసు బాగుంటుంది, తిరుగు ప్రయాణంలో ఎవరు నడుపుతారో ముందే తెలియదు.

ఇంజిన్ ఆపాను. అలవాటు ప్రకారం తాళం కోసం మా ఆయన చెయ్యి చాచారు. నేను తాళం నా హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగాను.

"సోమవారం నాకు క్లినిక్ ఉంది" అన్నాను.

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"సరే. కానీ కాళ్ళు దులుపుకుని ఎక్కు" అన్నారు.